లిబర్టీ విగ్రహాన్ని నడుము దాకా ముంచాను

మొత్తానికి నా బొమ్మని షోకి తీసుకున్నారు. మెయిల్ నిన్ననే వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఆలస్యమైతే అందరినీ క్షమించేస్తానేమోనని భయం.

సముద్ర మట్టం పెరగడం మీద గ్రూప్ షో. మునిగిపోయిన ప్రసిద్ధ కట్టడం ఒకటి వెయ్యాలి. న్యూయార్క్ లిబర్టీ విగ్రహం అనుకున్నా. అందరూ వేసేదేగా అన్నాడు ఒక మిత్రుడు. వేస్తారు, కానీ కిరీటం దాకానో కాగడా దాకానో ముంచేస్తారు. భూమ్మీద అన్ని నీళ్ళున్నాయా అని ఒక్కరూ లెక్క చూడరు. నేను చూశాను. నేల నుంచి కాగడా కొస దాకా 93 మీటర్లు. అందులో సగం, అంటే 47 మీటర్లు, పునాదీ పీఠమే. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలతో సహా ఉన్న మంచు మొత్తం కరిగినా సముద్రం పెరిగేది 65 నుంచి 70 మీటర్లు. అదీ వేల ఏళ్ళ పని. కాబట్టి ఎంత ముంచినా నీళ్ళు ఆవిడ నడుము దగ్గర ఆగిపోవాలి. ఇదంతా ఊహే కదా అనేవాళ్ళకి ఒక మాట: 2012లో శాండీ తుపానుకే విగ్రహం ఉన్న దీవి చాలా భాగం మునిగింది. విగ్రహాన్ని మళ్ళీ తెరిచింది 2013 జూలై 4న.

స్కెచ్ సాఫీగా అయిపోయింది. పైనుంచి ఏటవాలుగా చూస్తే నీళ్ళ మీద ఆకాశం నీడ తప్ప లోపలిది కనబడదు. అందుకని కంటిని సరిగ్గా నీటిమట్టం దగ్గర పెట్టి, సగం పైనా సగం కిందా గీశాను. అక్వేరియం అద్దంలోంచి చూసినట్టు, కింది సగం మూడో వంతు పెద్దగా కనిపించాలి. డ్రాయింగ్ రాదని ఎవరో ఒకరు అంటారని తెలిసే గీశాను.

రంగుల దగ్గర నిజంగా చెమటలు పట్టాయి. విగ్రహానిది 2.4 మిల్లీమీటర్ల రాగి రేకు. 1886లో ఆవిష్కరించినప్పుడు గోధుమ రంగులో ఉండేది, 1920 నాటికి చిలుము పట్టి పూర్తిగా ఆకుపచ్చైంది. నీళ్ళూ ఆకుపచ్చే. రెండూ కలిసిపోయి కింద విగ్రహమే లేకుండా పోయింది. వెచ్చటి రంగు పూసి విడదీద్దామంటే కుదరదు, నీళ్ళలో మొదట మాయమయ్యేది ఎరుపే. చివరికి నీళ్ళని బురద పసుపు వైపు తోశాను. నది వచ్చి కలిసే హార్బర్ అది, స్ఫటికంలా ఎందుకుంటుంది? తర్వాత గ్లేజులు, అంటే కిందిది కనబడేంత పల్చటి రంగు పొరలు, ఒకదాని మీద ఒకటి వేసి, లోతుకి వెళ్ళేకొద్దీ అంచులు చెరిపేశాను. ఇలాంటి బొమ్మ వెయ్యాలనుకునేవాళ్ళు రంగు మార్చడంతోనే సరిపెట్టుకోకుండా, వెలుగు నీడల తేడా కూడా పెంచండి.

ఇక సెలక్షన్. బొమ్మ తెచ్చి ప్యానెల్ ముందు నిలబెట్టమన్నారు. మిగతా ఆర్టిస్టులంతా అక్కడే వరసగా కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన ఒక్క నిమిషం కూడా చూడలేదు.

"ఏమయ్యా, ఇన్నేళ్ళు నీళ్ళలో నానిన విగ్రహం. గుల్లలేవి? కాస్త పరిశోధన చెయ్యద్దూ?"

పరిశోధన! నా ముందు ఆ మాట!

"రాగి అండీ. రాగి మీద ఆ గుల్లలు, బార్నకిల్స్, తేలిగ్గా అతుక్కోవు. దానికోసమే ఓడల అడుగుకి రాగి రేకులు కొట్టేవాళ్ళు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌకకి..."

"మేము కెమిస్ట్రీ క్లాసుకి రాలేదు బాబూ. బొమ్మలో ఫీలింగ్ కావాలి."

అందరూ నవ్వారు. నా పక్కన కూర్చున్నవాడు కూడా. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అసలు చెప్పాల్సింది ఆ తర్వాతే ఉంది. ఆ ఓడలో రాగికి తగిలిన ఇనుప మేకుల్ని తుప్పు తినేసింది. లిబర్టీ లోపలి ఇనుప పట్టీలకీ అదే జరిగింది. 1986కి ముగిసిన మరమ్మతుల్లో వాటిని తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టారు. నేను బొమ్మలో రేకుల అతుకుల దగ్గర తుప్పు చారలు వేసింది పాతబడిన ఇనుము జ్ఞాపకంగా. దాన్ని "మరకలు" అన్నారు.

ఇంకొకావిడ అందుకున్నారు. "నడుము దాకానేనా? కిరీటం దాకా ముంచండి, ఎఫెక్ట్ వస్తుంది."

"ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలండీ?" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. "సవరించి తీసుకురండి" అని పంపేశారు.

అన్నిటికన్నా మండించిందేమిటంటే, బార్నకిల్స్ నేను వేశాను! గ్రానైట్ పీఠం మీద, దట్టంగా. రాయి కదా, అక్కడ అవి నిశ్చింతగా పెరుగుతాయి. కాన్వాస్ అడుగున చీకట్లో ఉన్నాయి, వంగి చూస్తే కనబడతాయి. వంగేవాళ్ళేరీ?

ఇంటికొచ్చి విగ్రహాన్ని ముట్టుకోలేదు. నీటిమట్టం చిటికెన వేలంత కూడా పెంచలేదు. పీఠం మీద మాత్రం కొంచెం వెలుగు పోశాను. అంత లోతులో, ఆ బురద నీళ్ళలో అంత వెలుగు ఉండదు, తెలుసు. అదొక్కటీ వాళ్ళకి నేనిచ్చిన లంచం. మళ్ళీ తీసుకెళ్తే పెద్దాయన చూసి, "ఇప్పుడు బాగుంది, చెప్పిన మాట విన్నావు" అన్నారు. నోరు మూసుకుని నమస్కారం పెట్టాను.

ప్యానెల్ ముందుకి వెళ్ళేవాళ్ళు మీ లెక్కలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకెళ్ళండి. చదవరు, కానీ చేతిలో కాగితాలు కనిపిస్తే గొంతు తగ్గిస్తారు. నేను రెండోసారి లావుపాటి ఫైలుతో వెళ్ళాను. సగం ఖాళీ కాగితాలే.

బొమ్మ పక్కన పెట్టడానికి యాభై మాటల్లో నోట్ పంపమన్నారు. నలభై మాటలు రాగి గురించే రాసి పంపాను.