ఆయన మొక్కు, నా నడక

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చాను. కాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు. మనసు నిండుగా ఉన్నప్పుడే రాసేయాలనిపించింది.

మొక్కు మా వారిది. రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్‌లో పడ్డాక, "అమ్మాయి పెళ్లి కళ్లారా చూస్తే నీ కొండ చుట్టూ నడుస్తాను అప్పన్నా" అని దండం పెట్టుకున్నారు. స్వామి చూపించాడు. కన్యాదానం ఆయన చేతుల మీదే జరిగింది. నడిచే యోగం మాత్రం ఆయనకు దక్కలేదు. అందుకే నేను నడిచాను.

కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. చంకలో పసిబిడ్డ ఉన్న తల్లిని కూడా తోసేస్తున్నారు. దేవుడి దగ్గరికి వెళ్తూ ఇదేం భక్తో! అడివివరం దాటాక గానీ ఊపిరాడలేదు.

32 కిలోమీటర్ల దారి పొడవునా జనం నీళ్లు, మజ్జిగ, పులిహోర పంచుతూనే ఉన్నారు. ఆ నీళ్ల దగ్గరే నా కాళ్లు ఆగిపోయేవి. ఆయనకు రోజంతా కలిపి లీటరు లోపే. టీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వచ్చేస్తుంది. పొద్దున్నే నేనే కొలిచి సీసాలో పోసేదాన్ని. విశాఖ ఉక్కపోతలో, మే నెల మధ్యాహ్నాలు, చిన్న ఐసు ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవారు. ఇంకో గుక్క పొయ్యమని ఏనాడూ అడగలేదు. పైగా చుట్టాలెవరైనా వస్తే తనే లేచి చెంబుతో నీళ్లిచ్చి, "ఎండన పడి వచ్చారు, ఇంకో గ్లాసు తాగండి" అనేవారు. అంత దాహంలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు ఆ మిషన్ పక్కన. కొత్తగా చేరిన కుర్రాడు లావు సూదులు చూసి వణికిపోతుంటే, "ఏం కాదు తమ్ముడూ, నా చెయ్యి చూడు" అని ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉబ్బిన చెయ్యి చాపి నవ్వారు. రాత్రుళ్లు ఆయన నిద్రపోయాక ఆ చెయ్యి మీద వేళ్లు పెట్టి చూసేదాన్ని. లోపల రక్తం జుమ్మని పారుతుంటేనే నాకు నిద్ర పట్టేది.

మాధవధార దగ్గరికొచ్చేసరికి అడుగు పడలేదు. అరుగు మీద కూలబడి ఏడ్చేశాను. ఎవరి పిల్లో, నీళ్లు పంచుతున్న అమ్మాయి వచ్చి, ఏమీ అడక్కుండా నా పాదాల మీద చల్లటి నీళ్లు పోసి, తన చున్నీతో తుడిచింది. "మెల్లగా వెళ్లండి పిన్నీ, అప్పన్న ఎక్కడికీ పోడు" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

తెల్లారాక దర్శనం. గంటల తరబడి క్యూ, లోపల క్షణం కూడా నిలబడనివ్వలేదు. ఆ క్షణంలోనే చందనం పూతలో స్వామి నిండుగా కనిపించాడు. "ఆయన బాకీ తీరింది తండ్రీ" అన్నాను. గుడిలో భక్తులు మొక్కుకుని కౌగిలించుకునే కప్పస్తంభాన్ని ఆయన పేరు చెప్పుకునే కౌగిలించుకున్నాను.

వచ్చే ఏడాది మాధవధార దారిలో ఆయన పేరు మీద చలివేంద్రం పెడదామని అమ్మాయి, అల్లుడు అంటున్నారు. మజ్జిగ కూడా పెట్టమన్నాను.