మా అమ్మాయి టెన్నిస్, నా మెయిళ్ళు

మా బావగారు ఒంగోలు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "పదేళ్ళ నుంచి పిల్లని టెన్నిస్ అని తిప్పుతున్నావు గదయ్యా, ఇప్పుడు కాలేజీ వాళ్ళు ఫీజులో ఎంత తగ్గిస్తారు?" ఒక్క డాలరు కూడా తగ్గించరు బావగారూ అన్నాను. నమ్మలేదు. ఏదో దాస్తున్నానని ఆయన అనుమానం.

నిజానికి ఆ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. అమెరికా కాలేజీ ఆటలు చాలావరకు ఎన్‌సీఏఏ అనే సంస్థ కింద నడుస్తాయి. అందులో మూడు డివిజన్లు. మొదటి రెండింట్లో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. మూడోదాంట్లో, అందరూ డీ-త్రీ అనేదాంట్లో, ఆట పేరు చెప్పి పైసా ఇవ్వకూడదు. మార్కులు చూసి, ఇంటి ఆదాయం చూసి ఇచ్చేది వేరు. ఈ డివిజన్లలోని కాలేజీలు మళ్ళీ జట్లు కట్టి తమలో తాము ఆడుకుంటాయి. ఆ జట్టునే కాన్ఫరెన్స్ అంటారు. ఇరవై ఏళ్ళు ఐటీలో చేసినవాణ్ణి కదా, కాన్ఫరెన్స్ అంటే నాకు మీటింగ్, సమోసాలు, అంతే.

మామూలుగా పక్కపక్క ఊళ్ళ కాలేజీలు ఒక కాన్ఫరెన్స్ అవుతాయి, బస్సు ఖర్చుతో పోతుందని. మా అమ్మాయి మనసు పడిన యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్, యూఏఏ, అలాంటిది కాదు. 1986లో పెట్టారు. ఇప్పుడు ఎనిమిది స్కూళ్ళు: బోస్టన్ పక్కన బ్రాండైస్, న్యూయార్క్‌లో ఎన్‌వైయూ, రోచెస్టర్, పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్, క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్, షికాగో, సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ, అట్లాంటాలో ఎమరీ. అట్లాంటా నుంచి బోస్టన్ రోడ్డున వెయ్యి మైళ్ళ పైమాటే. వీళ్ళని కలిపింది దూరం కాదు, చదువు. ఇందులో బాస్కెట్‌బాల్ పిల్లలు శుక్రవారం ఒక ఊళ్ళో, ఆదివారం ఇంకో ఊళ్ళో ఆడి సోమవారం క్లాసులో కూర్చుంటారు. హోంవర్కు ఎయిర్‌పోర్టులోనే.

మా తెలుగువాళ్ళకి ఈ పేర్లు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో వెంకన్న గుడికని పిట్స్‌బర్గ్ వెళ్ళినప్పుడే కార్నెగీ మెలన్ ముందు ఫోటో దిగాం. ఆ కాలేజీకి టెన్నిస్ టీమ్ ఉందని మాత్రం తెలీదు. చదువు వేరే పెట్టె, ఆట వేరే పెట్టె అనుకునేవాణ్ణి. షికాగో యూనివర్సిటీ చరిత్ర చదివాకే ఆ రెండూ కలిసి కనిపించాయి. బిగ్ టెన్ అనే మహా కాన్ఫరెన్స్‌ని మొదలుపెట్టిన స్కూళ్ళలో అదొకటి. 1939లో ఫుట్‌బాల్ మానేసింది, 1946లో బిగ్ టెన్ నుంచే తప్పుకుంది. ఖాళీగా పడివున్న ఆ స్టేడియం మెట్ల కింద, పాత రాకెట్స్ (స్క్వాష్ లాంటి ఆట) కోర్టులో, 1942 డిసెంబర్ 2న శాస్త్రవేత్త ఫెర్మీ బృందం మనిషి అదుపులో తనంతట తాను సాగే మొదటి అణు గొలుసు చర్యని నడిపించింది. ఇది చెబితే మా అమ్మాయి "నాన్నా, ఇవన్నీ కోచ్‌కి రాయకు" అంది.

అసలు గొడవ అక్కడే ఉంది. రాసేది నేను.

పదో తరగతి ఎండాకాలం నుంచి మొదలుపెట్టాం. మేముండేది షార్లెట్‌లో. ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లో రిక్రూటింగ్ ఫారం ఉంటుంది, అది నింపాలి. వీడియో పెట్టాలి. పాటలు, స్లో మోషన్లు ఏమీ వద్దు. వరసగా పాయింట్లు ఆడుతున్నట్టు, తప్పిన షాట్లు కూడా ఉండేట్టు అయిదు నిమిషాలు చాలు. ఆట స్థాయిని అంకెలో చెప్పే యూటీఆర్ అనే రేటింగ్ రాయాలి. తనది 8కి అటూ ఇటూ ఉండేది. తర్వాత కోచ్‌లకి మెయిళ్ళు. డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా జవాబు రాయకూడదు. డీ-త్రీ వాళ్ళకి ఆ అడ్డు లేదు. అందుకని త్వరగా రాస్తే మంచిదని నేనే కూర్చుని, తన అకౌంట్ నుంచి, పద్ధతిగా పన్నెండు మెయిళ్ళు కొట్టాను.

రెండు వారాలకి ఒక కోచ్ ఫోన్ చేశాడు. అమ్మాయి స్పీకర్‌లో పెట్టింది. కాసేపు ఆట గురించి మాట్లాడి, నవ్వుతూ అడిగాడు, "ఆ మెయిల్ ఇంట్లో పెద్దవాళ్ళు రాశారా?" తను నా వంక చూసింది. ఫోన్ పెట్టేశాక పంపిన మెయిల్ తెరిచి చివరి వాక్యం చదివి వినిపించింది: "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్." పదహారేళ్ళ పిల్ల, టెన్నిస్ కోచ్‌కి. వాళ్ళమ్మ వంటింట్లోంచి, "ఆఫీసులో రాసుకోండి అవి" అంది. ఆ రోజే పాస్‌వర్డ్ మారిపోయింది.

తర్వాత తను రాసిన మెయిళ్ళు నాలుగు లైన్లు మించేవి కావు. మొన్న టోర్నమెంట్‌లో ఎలా ఓడింది, దేని మీద పని చేస్తోంది, అంతే. జవాబులు వాటికే వచ్చాయి. ఓటమి గురించి రాయడమేంటని నేను గింజుకున్నాను.

పదకొండో తరగతి మార్చిలో నాలుగు గంటలు డ్రైవ్ చేసి అట్లాంటా వెళ్ళాం, ఎమరీలో ఒక మ్యాచ్ చూడ్డానికి. ఆడవాళ్ళ టెన్నిస్‌లో ఎమరీ డీ-త్రీ జాతీయ టైటిళ్ళు ఎన్నో గెలిచింది, ప్రమాణం ఎలా ఉంటుందో చూద్దామని. డీ-త్రీ అంటే మన గల్లీ క్రికెట్ లాంటిదని ఎవరైనా అంటే ఒక్క గంట ఆ కోర్టు పక్కన నిలబెట్టాలి. ఔట్ అయితే అవతలి అమ్మాయే వేలెత్తి చెబుతుంది, గీతకో అంపైర్ ఉండడు. ఒక అమ్మాయి మొదటి సెట్ పోగొట్టుకుంటూ కూడా, లైన్ మీద పడిన బంతిని గుడ్ అని తనే ఒప్పుకుంది. మ్యాచ్ అయ్యాక బ్యాగులోంచి టవల్ తీస్తుంటే కెమిస్ట్రీ ఫ్లాష్ కార్డుల కట్ట కింద పడింది. మా అమ్మాయి ఆ కార్డుల వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇక అసలైన టెన్షన్ పన్నెండో తరగతి ముందు వేసవిలో. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. మార్కులు, టెస్ట్ స్కోర్లు, వచ్చే ఏడు తీసుకోబోయే సబ్జెక్టులు కోచ్‌కి పంపితే, ఆయన అడ్మిషన్ ఆఫీసుకి చూపించి "ఈ పిల్ల వస్తుందా?" అని ముందే అడుగుతాడు. బావుందంటే కోచ్ "నువ్వు ఎర్లీ డెసిషన్‌లో వేస్తే నీ పేరు నేను గట్టిగా చెబుతాను" అంటాడు. ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరి తీరాల్సిందే. అర్థం చేసుకోవాల్సింది ఇదే: కోచ్ మాట సీటు కాదు. సీటిచ్చేది ఆఫీసు. కోచ్ చేతిలో ఉన్నది సిఫార్సు మాత్రమే, అదీ లెక్కపెట్టి కొందరికే.

ఇది మాకు దెబ్బ తగిలాకే బోధపడింది. ఒక స్కూల్లో (ఈ ఎనిమిదింటిలోదో, బయటిదో చెప్పను) ప్రీ-రీడ్ బావుందన్నారు. మేం ఇంట్లో స్వీట్లు కూడా పంచుకున్నాం. ఆగస్టు అంతా కోచ్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. సెప్టెంబర్ మొదట్లో రెండు లైన్ల మెయిల్: ఆ స్థానం వేరే అమ్మాయికి ఇచ్చేశాం, శుభాకాంక్షలు. చేసిన పనికి నాకు కోపం రాలేదు, వాళ్ళకీ ఎవరు బావుంటే వాళ్ళు కావాలి. నెల రోజులు చెప్పకుండా ఉంచినందుకు వచ్చింది. అది చేతకానితనం అనే అంటాను. అమ్మాయి రెండ్రోజులు రాకెట్ ముట్టుకోలేదు.

మూడో రోజు తనే ఇంకో కోచ్‌కి ఫోన్ చేసి సూటిగా అడిగింది: "మీ లిస్టులో నేను ఎన్నోదాన్ని?" పెద్దవాళ్ళని అలా అడుగుతారా అని నేను తల పట్టుకున్నాను. ఆయన దాచకుండా చెప్పాడు, రెండోదానివి, ఇద్దరిని తీసుకుంటాను అని. నవంబర్ 1 గడువుకి ముందు వారం అప్లికేషన్ వెళ్ళింది. ఏడాదికి ఎనభై వేల డాలర్లు దాటే ఖర్చు, అందులో ఆట పేరు మీద తగ్గేది సున్నా. ఆ లెక్క నేనూ మా ఆవిడా రెండు రాత్రులు ఎక్సెల్ ముందు కూర్చుని వేసుకున్నాం. ఆదాయం వివరాలు నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారం మాత్రం నాకే వదిలేశారు. అక్కడ నా భాష పనికొచ్చింది.

డిసెంబర్ మధ్యలో ఫలితం వచ్చింది. ఆ ఎనిమిది స్కూళ్ళలో ఒకదాంట్లో సీటొచ్చింది. మర్నాడు పొద్దున, మాట్లాడుతూ వచ్చిన మిగతా కోచ్‌లందరికీ తను మెయిల్ రాయాలి, ఇక నా కోసం చూడొద్దు అని. ఆగస్టంతా పలకని ఆయనకి కూడా రాస్తానంది. ఆయనకి ఏం రాస్తావో, పంపే ముందు ఒకసారి చూస్తాను అన్నాను.

"పంపేశాను నాన్నా," అంది, బూట్ల లేసులు కట్టుకుంటూ.