శ్రీకూర్మం మీదుగా కళింగపట్నం: టైర్లు తేల్చుకోవడానికి ఒక ఆదివారం

శ్రీకాకుళంలో కాపురముంటూ గార మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. ఇంటి నుంచి బడికి పదకొండు కిలోమీటర్లు. అందులో ఏడు కిలోమీటర్లు తారు రోడ్డు, రెండు కిలోమీటర్లు ఊళ్ల నడుమ నుంచి సాగే సిమెంటు రోడ్డు, మిగిలిన రెండూ కాలువ గట్టు మీద పరచిన ఎర్ర గ్రావెలు. మూడేళ్లుగా ఈ దారిలో మౌంటెన్ బైకు మీదే వెళ్లి వస్తున్నాను. దాని టైర్లు 26×2.10 అంగుళాల కొలతవి, చేతికి గుచ్చుకునేంత గుబ్బలున్నవి. తారు రోడ్డు మీద అవి తుమ్మెదల గుంపులా మోత పెట్టేవి. ఆ మోత గేటు దగ్గర వినబడగానే వరండాలో ఆడుకునే పిల్లలు తరగతి గదిలోకి పరుగెత్తుతారని మా ప్రధానోపాధ్యాయులు నవ్వుతూ చెప్పేవారు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో సైకిలు తలకిందులుగా పెట్టి తుడుస్తుంటే వెనుక టైరు నన్ను నిలదీసినట్లయింది. నడిమి వరుస గుబ్బలు అరిగి చదునైపోయాయి. అంచుల మీది గుబ్బలు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి, అచ్చులో నుంచి వచ్చినప్పటి సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. అంటే ఏ గుబ్బలను చూసి ఆ టైరు మెచ్చుకున్నానో, వాటిలో సగానికి మూడేళ్లలో నేల తగలనే లేదు.

కొత్త టైరు కోసం బజారుకు వెళ్లి మొదటిసారి మోసపోయాను, అదీ నా తొందరపాటు వల్లనే. ఇరవై ఆరు అంగుళాల టైరు కావాలని అడిగితే దుకాణదారు ఇచ్చినదాన్ని చూడకుండా తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి ఎక్కించబోతే రిమ్ము చుట్టూ వదులుగా ఊగులాడింది. అది 26×1⅜ కొలతది; పాత తరహా సైకిళ్ల టైరు. రెండింటినీ ఇరవై ఆరు అనే పిలుస్తారు కానీ టైరు అంచు కూర్చునే చోట దాని వ్యాసం 590 మిల్లీమీటర్లు, నా మౌంటెన్ బైకు రిమ్ముది 559. అంగుళాల లెక్క టైరు బయటి వ్యాసాన్ని ఉజ్జాయింపుగా చెప్పే పేరు మాత్రమే. నమ్మదగినది టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాలతో పోతపోసి ఉండే మరో జంట సంఖ్య. 47-559 అని ఉంటే 47 మిల్లీమీటర్ల వెడల్పు, 559 మిల్లీమీటర్ల రిమ్ము అని అర్థం. ఆ రెండో సంఖ్య కలిస్తేనే టైరు ఎక్కుతుంది. దుకాణదారు మంచివాడు కనుక మాట అనకుండా వెనక్కు తీసుకున్నాడు.

సంగతి విన్న మా మేనల్లుడు, "మావయ్యా, మళ్లీ కొనే ముందు నా బండి ఒకరోజు తొక్కి చూడు" అన్నాడు. వాడిదీ ఇరవై ఆరు అంగుళాల మౌంటెన్ బైకే, కానీ టైర్లు 26×1.5 కొలతవి, దాదాపు నున్నటివి. వాడు యాభై ఎనిమిది కిలోలు, నేను ఎనభై రెండు. ఇద్దరం కలిసి అన్ని రకాల నేలలూ తగిలేలా ఒక దారి గీసుకున్నాం: అరసవల్లి, శ్రీకూర్మం, అక్కడి నుంచి గట్ల వెంట శాలిహుండం, చివరికి కళింగపట్నం తీరం, తిరుగు ప్రయాణం పెద్ద రోడ్డు మీద. మధ్య మధ్య సైకిళ్లు మార్చుకోవాలని ఒప్పందం. గాలి కొలిచే ముల్లున్న పంపు, టైరు లీవర్లు, ప్యాచీలు, సొల్యూషను డబ్బా వాడి సంచిలో. ఉప్మా, మంచినీళ్లు నా సంచిలో.

ఆదివారం అరసవల్లిలో జనం కిటకిటలాడతారు కనుక తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరాం. మంచుకు తారు రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. నా టైర్లలో గాలి బిగువు 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్క), వాడి టైర్లలో 70. పట్నం దాటిన కాసేపటికే తేడా తెలిసింది. వాడు తొక్కడం ఆపి మాట్లాడుతుంటే నేను తొక్కుతూ జవాబు చెప్పాల్సి వచ్చింది. అరసవల్లి దాటాక ఒక వంతెన దిగువకు వాలు దొరికితే చిన్న పరీక్ష పెట్టుకున్నాం. వంతెన నడినెత్తిన ఆగి, ఒకేసారి బ్రేకు వదిలి, పెడలు ముట్టకుండా ఎంత దూరం పోతే అంత దూరం పోవడం. మామూలుగా బరువైనవాడే ముందుకు దొర్లాలి. అయినా నా సైకిలు ఒక మైలురాయి పక్కన ఆగిపోగా వాడిది ఇంకా ముప్పై నలభై బారలు పోయింది. సైకిళ్లు మార్చుకుని మళ్లీ చేశాం. ఈసారి నేను వాడి గుర్తును కూడా దాటిపోయాను. కారణం పెద్ద రహస్యం కాదు. టైరు నేలను తాకే చోట రబ్బరు నొక్కుకుని మళ్లీ లేస్తుంది; నొక్కడానికి మనం పెట్టిన శక్తిలో కొంత తిరిగి రాక వేడిగా పోతుంది. గుబ్బల టైరులో ఆ నష్టంతో పాటు ఒక్కొక్క గుబ్బా విడివిడిగా వంగి లేవడంలో మరికొంత పోతుంది. నేను ఇన్నాళ్లూ విని సరదా పడిన తుమ్మెద మోత నా తొక్కుడులోంచే ఖర్చవుతోందన్నమాట.

తడి రోడ్డు మీద నున్నని టైరు జారుతుందనే భయం నాకు మొదటి నుంచీ ఉంది. వాడి సైకిలు ఎక్కి మొదటి మలుపులో ఒళ్లు బిగబట్టుకున్నాను కూడా. ఏమీ కాలేదు. మోటారు కారు టైరుకు గాడులు ఉండేది నీటిని తప్పించడానికి. సైకిలు టైరు ఇరుకైనది, నేలను తాకే మేర చిన్నది, లోపలి గాలి బిగువు ఎక్కువ. అది నీటి మీద తేలాలంటే సైకిలు ఎన్నడూ అందుకోలేని వేగం కావాలి. తారులోని గరుకు మీద ఎంత ఎక్కువ రబ్బరు ఆనుకుంటే అంత పట్టు. గుబ్బల టైరు ఆనించేది గుబ్బల కొసలను మాత్రమే, మలుపులో అవి పక్కకు వాలి ఊగుతాయి కూడా. తడిసిన సిమెంటు మీద పేడ గాని, బురద గాని ఉంటే ఏ టైరైనా జారేదే. అది వేరే మాట.

శ్రీకూర్మంలో ఎండ వచ్చింది. గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూపించి, "మావయ్యా, నీ టైర్లకు తగిన దేవుడి దగ్గరికే వచ్చాం" అని మేనల్లుడు ఆటపట్టించాడు. దర్శనమయ్యాక ఉప్మా తిని, ఎవరి సైకిలు వారు ఎక్కి గట్ల దారి పట్టాం.

ఇక్కడ కథ తిరగబడింది. కోతలైపోయిన మళ్లలో మినుము, పెసర పచ్చగా పరుచుకుని ఉన్నాయి. గట్టు మీద గ్రావెలు కొన్నిచోట్ల గట్టిపడి, కొన్నిచోట్ల గులకరాళ్లుగా విడిపోయి ఉంది. వాడి సైకిలు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంటే వాడు పెడళ్ల మీద నిలబడి తొక్కుతున్నాడు. నా వెడల్పు టైరు ఆ రాళ్లను తనలో ఇముడ్చుకుంటూ తిన్నగా పోయింది. టైరు గట్టిగా ఉంటే రాయి ఎత్తున సైకిలునూ మనిషినీ మొత్తంగా లేపాలి, ఆ శక్తంతా నడుమును కుదపడానికే సరి. మెత్తగా ఉంటే రబ్బరొక్కటే లేచి దిగుతుంది. మేనల్లుడు ఆగి రెండు చక్రాల్లోనూ గాలి 45కు దించాడు. అదే టైరు, అదే గట్టు, వాడి ముఖంలో మాత్రం హాయి కనిపించింది. నేను ఆశ్చర్యపోయింది అక్కడే. నేను గుబ్బల గొప్ప అనుకుంటున్నది చాలావరకు వెడల్పుదీ, గాలిదీ. గుబ్బలకు నిజంగా పని తగిలింది ఒక్కచోటే: గట్టు దిగి మెట్టకు ఎక్కే పొడి మట్టి వాలులో. అక్కడ వాడి వెనుక చక్రం ఉన్నచోటే తిరిగి దుమ్ము లేపింది, నాది పట్టుకుని ఎక్కింది. అది ఇరవై అడుగుల దూరం.

ఆ ఉత్సాహంలో మళ్లీ సైకిళ్లు మార్చుకున్నాం. 45 పీఎస్ఐ వాడి బరువుకు సరిపోయే గాలి అని, నాకు కాదని తోచలేదు. గట్టు మీది నుంచి ఊరిలోకి ప్రవేశించే చోట సిమెంటు రోడ్డు అంచు మట్టి కంటే మూడంగుళాలు ఎత్తుగా ఉంది. వేగం తగ్గించకుండా ఎక్కించాను. టక్కుమని రిమ్ము తగిలిన చప్పుడు, పది బారలు పోయేసరికి వెనుక చక్రం నేల కరిచింది. ప్యాచీలు సంచిలోనే ఉన్నా, ఎదురుగా వేపచెట్టు కింద పంచరు షాపు కనబడగానే అక్కడికే నడిపించాను. పెద్దాయన ట్యూబు బయటకు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టెలో ముంచి తిప్పాడు. రెండు చోట్ల నుంచి బుడగలు పక్కపక్కనే లేచాయి. ట్యూబు తుడిచి చూస్తే వేలెడు ఎడంలో రెండు సన్నని గాట్లు. "ఏటి మాస్టారూ, పాము గాని కరిసినాదేటి?" అన్నాడు. ముల్లు గుచ్చుకుంటే ఒకటే రంధ్రం. ఇలా జంటగా ఉంటే టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. ఉప్పు కాగితంతో గీరి, సొల్యూషను రాసి, అది పూర్తిగా ఆరేవరకు బీడీ కాల్చుకుంటూ కూర్చుని, అప్పుడు ప్యాచీ వేశాడు. తడిగా ఉండగానే అంటించి నేను పాడు చేసుకున్న ప్యాచీలెన్నో గుర్తుకొచ్చాయి. గాలి కొడుతూ నన్నొకసారి ఎగాదిగా చూసి, "మీ ఒల్లుకి ఆ గాలేటి సరిపోద్ది మాస్టారూ" అని 60 దాకా ఎక్కించాడు.

నా సైకిలు ముందు టైరు చూసి కూడా ఒక సంగతి చెప్పాడు. గుబ్బల మధ్య సందులో ఇరుక్కున్న పల్లేరు కాయను గోటితో పెరికి చూపించాడు. గుబ్బ మీద గుచ్చుకుంటే ముల్లు లోపలికి చేరదు గానీ, సందులో రబ్బరు పలుచన. గుబ్బల టైరు మందంగా కనబడుతుంది కనుక ముళ్లకు భయం లేదనుకోవడం నా పొరపాటు. ముళ్లను ఆపేది టైరు లోపల నడిమి భాగంలో వేసే రక్షణ పొర.

శాలిహుండంలో సైకిళ్లు కొండ కింద పెట్టి, మెట్లెక్కి, గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాల మధ్య కాసేపు కూర్చున్నాం. పైనుంచి వంశధార, దాని గట్టున మేము పోవలసిన దారి చక్కగా కనబడ్డాయి.

కళింగపట్నం చేరేసరికి మధ్యాహ్నం. సరుగుడు తోటలు దాటి ఇసుకలోకి దిగగానే వాడి చక్రం కత్తిలా దిగబడింది. నేను గర్వంగా నా వెడల్పు టైరులో గాలి 20కు దించి ఎక్కాను. పాతిక అడుగులు పోయి నేనూ కూలబడ్డాను. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు పనాపి మరీ చూశారు. అలలు తడిపి గట్టిపరచిన ఇసుక మీద ఇద్దరి సైకిళ్లూ బాగానే పోయాయి. పొడి ఇసుకలో ఇద్దరం తోసుకుంటూ నడిచాం. అంత మెత్తని ఇసుకకు ఇంతకు రెట్టింపు వెడల్పు టైర్ల సైకిళ్లు వేరే ఉన్నాయి. నా బడి దారిలో ఇసుక లేనే లేదు. ఉప్పునీటి తడి తగిలింది కనుక ఇంటికి వెళ్లాక రెండు గొలుసులూ కడిగి నూనె వేయాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సముద్రపు గాలి వీపున తోస్తుంటే నా గుబ్బల టైరు కూడా తేలికగా నడిచింది. ఆ ఒక్క దారే తొక్కి ఉంటే పాత టైరునే మళ్లీ కొనుక్కునేవాడిని.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లలో పద్దెనిమిది గట్టి రోడ్డు, నాలుగు గ్రావెలు. గ్రావెలులో నాకు కావలసింది ప్రధానంగా వెడల్పు. అందుకని మేనల్లుడి టైరంత సన్నది కాకుండా, నాదంత లావుది కాకుండా, 47-559 కొలతది, అంటే 26×1.75, తీసుకున్నాను. నడుమ తెగని పట్టీలా నున్నగా ఉంటుంది. అంచుల్లో మాత్రం చిన్న గుబ్బలు. నిటారుగా పోతున్నప్పుడు పట్టీ మీద దొర్లుతుంది, మెత్తని నేలలో కాస్త దిగబడినప్పుడు అంచు గుబ్బలు నేలను అందుకుంటాయి. లోపల రక్షణ పొర ఉన్న రకం కాస్త బరువు, కాస్త ఖరీదు. పల్లేరు కాయను చూశాక బేరమాడబుద్ధి కాలేదు. నా బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే పడుతుంది కనుక వెనుక 55, ముందు 45 పెడుతున్నాను. గాలి వారానికొకసారి కొలుస్తున్నాను. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మానుకున్నాను, నా వేలికి నలభై అయినా అరవై అయినా ఒకటే.

ముందు చక్రానికి పాత గుబ్బల టైరే ఉంచుదామని ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. వెనుక చక్రం జారితే నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే పడిపోవడమే. కానీ నా ముందు చక్రం జారే అవకాశం ఉన్నది వానకాలంలో గట్టు బంకమన్నయినప్పుడు. ఆ మన్ను గుబ్బల సందుల్లో నిండి టైరును నున్నని ముద్దలా చేస్తుంది, మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. ఆ రెండు నెలలు గట్టు వదిలి మూడు కిలోమీటర్ల చుట్టు దారిలో తారు మీదే పోవడం నా పద్ధతి. అందుచేత రెండు చక్రాలకూ ఒకే రకం వేసి, పక్కగోడ మీది బాణం గుర్తు తిరిగే దిక్కుకు ఉండేలా చూసి మరీ ఎక్కించాను.

సోమవారం బడికి ఆరేడు నిమిషాలు ముందే చేరాను. గేటు తీసి ఉంది. తరగతి గదిలోకి పోవలసిన పిల్లలందరూ వరండాలో గోలీలాడుతున్నారు. నేను సైకిలు స్టాండు వేసేదాకా ఒక్కరూ తల తిప్పలేదు.