మన్యంలో అద్దె ఇల్లు: నా అనుభవం

నిన్న రాత్రి ఎనిమిదింటికి నా ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగింది. ఈ ఊరొచ్చిన నలభై మూడో రోజున. అందులో ముప్పై రోజులకు పైగా బ్యాంకు వెనక స్టోర్ రూములో, పాత లెడ్జర్ల మధ్య మడత మంచం వేసుకుని పడుకున్నాను. ఒళ్ళు మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

మాది తెనాలి. బ్యాంకులో ఆఫీసరుని. ప్రమోషన్ కావాలంటే కొన్నాళ్ళు పల్లెటూరి బ్రాంచిలో చేసి తీరాలి. నాకు పడింది పాడేరు దాటాక ఒక మండల కేంద్రం. ఊరి పేరు రాయను. అక్కడున్న బ్యాంకు ఒక్కటే, ఊరి పేరు రాస్తే నా పేరు రాసినట్టే.

ఆర్డరు వచ్చిన సాయంత్రం ఇంటి నిండా పరామర్శలు. "ఏం తప్పు చేశావురా?" అని పక్కింటాయన. మామయ్య టీవీలో చూసినవన్నీ ఏకరువు పెట్టాడు. 2018లో అరకు ఎమ్మెల్యేను మావోయిస్టులు కాల్చి చంపింది ఆ కొండల్లోనే, 2023 ఆగస్టులో ఆర్టీసీ బస్సు లోయలో పడింది ఆ పాడేరు ఘాట్‌లోనే. మలేరియా సంగతి ఒకరు, చేతబడి సంగతి ఇంకొకరు. "అక్కడి నీళ్ళు పడవు, సగమై వస్తావు" అని పిన్ని. వీళ్ళలో ఒక్కరూ అనకాపల్లి దాటి కొండెక్కిన వాళ్ళు కాదు. ఎక్కినవాడు మా బావ ఒక్కడే. అద్దాల రైల్లో అరకు వెళ్ళి, బొంగు చికెన్ తిని, సాయంత్రానికి దిగొచ్చాడు. అప్పటినుంచి మా ఇంట్లో మన్యం గురించి ఆఖరి మాట వాడిదే. "పాపం అమాయకులురా. తెలుగు సరిగ్గా రాదు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాలి" అన్నాడు. నా కొంప ముంచింది ఆ సలహానే.

ప్రయాణంలో రాయాల్సిందేమీ లేదు. విశాఖలో బస్సెక్కాను, దారిలో మాడుగుల హల్వా అరకిలో కొన్నాను, ఘాట్‌లో ఇద్దరు వాంతి చేసుకున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి. నవంబరు మొదటివారం. కొండవాలంతా వలిసె పూలు పసుపు పోసినట్టున్నాయి. మర్నాడు జాయినింగ్ రిపోర్టు ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది.

ఇక ఇల్లు.

ఊరంటే ఒక్క రోడ్డు. ఆ చివర సంత మైదానం, ఈ చివర ఆసుపత్రి, మధ్యలో గిరిజన సహకార సంస్థ డిపో, హాస్టళ్ళు. ఉద్యోగుల్లో సగం మంది పాడేరులో ఉండి రోజూ వచ్చిపోతారు. మిగతా సగం ఉన్న నాలుగు స్లాబు ఇళ్ళనూ ఎప్పుడో పట్టేశారు. మొదటివారం ఐదు ఇళ్ళు చూశాను. రెంటికి బాత్రూము లేదు, ఒకటి రేకుల షెడ్డు, ఒకదాంట్లో మిరియాల బస్తాలున్నాయి. ఐదోది బాగానే ఉంది కానీ ఓనరమ్మ నన్ను చూడగానే "లేదు బాబు" అని తలుపేసేసింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఆరో ఇల్లు రిటైరైన మాస్టారిది. ఆయన రిటైరైన మాస్టారని నాకు ఎవరూ చెప్పలేదు. మా మెసెంజర్ కుర్రాడు తీసుకెళ్ళాడు. వాకిట్లో టార్పాలిన్ పరిచి కాఫీ పళ్ళు ఎండబోశారు. సన్నటి మనిషి. లుంగీ, చిరిగిన స్వెట్టరు, తలకు మఫ్లరు, మడమల దాకా మట్టి. చెక్కపారతో పళ్ళు తిరగేస్తున్నారు. నాకు బావ మాట గుర్తొచ్చింది.

"నేను... బ్యాంకు... కొత్త ఆఫీసరు" అన్నాను, గొంతు కాస్త పెంచి. "ఇల్లు... అద్దె... కావాలి." చెయ్యి చాపి ఆయన ఇంటిని ఆయనకే చూపించాను. "డబ్బులు... నెల నెలా... ఇస్తా." బొటనవేలూ చూపుడువేలూ కలిపి నోట్లు లెక్కపెట్టినట్టు ఆడించాను కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు కాలుతున్నాయి.

ఆయన పని ఆపలేదు. ఆ వరస చివరిదాకా తిరగేసి, చెక్కపార గోడకు ఆనించి, అప్పుడు నా వైపు చూశారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను బాబూ. మీరు కొంచెం వేగంగా మాట్లాడినా అందుకోగలను."

మా మెసెంజర్ కుర్రాడు ఉన్నట్టుండి అక్కడ తిరుగుతున్న కోడిని తీక్షణంగా చూడటం మొదలుపెట్టాడు. నేను క్షమాపణ చెప్పబోయి, కంగారులో హల్వా పొట్లం తీసి చేతిలో పెట్టబోయాను. "షుగరు" అన్నారాయన. "ఇంటి సంగతి ఆలోచించి చెప్తాను."

అక్కడితో అయిపోతే ఇంత రాసేవాణ్ణి కాదు. మర్నాడు పదింటికి కౌంటరు తెరిచాను. మొదట వచ్చిన పెద్దాయన విత్‌డ్రాయల్ ఫారం నా ముందు పెట్టి, "నాకు... వెయ్యి... రూపాయలు... కావాలి" అన్నాడు. అని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆడించాడు. నేను ఆయన మాట తీరే అంత అనుకున్నాను. రెండో ఆవిడ కూడా అలాగే అడిగింది. మూడో మనిషి నోరు తెరవకముందే క్యూ మొత్తం విరగబడి నవ్వింది. మా మేనేజరు క్యాబిన్‌లోంచి బయటికొచ్చి "ఏమైంది?" అంటే ఎవరూ చెప్పలేదు. సాయంత్రం టీకొట్టుకు వెళ్తే, పదేళ్ళు కూడా ఉండని పిల్లాడు గ్లాసు పైకెత్తి చూపించి "సారూ... ఇది... టీ" అన్నాడు. వారం రోజులు ఊరంతా ఇదే. గదిలో పడుకుంటే నిద్ర పట్టేది కాదు. చలి ఒక పక్క, సిగ్గు ఒక పక్క.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. "అమాయక గిరిజనులు" అని రాసేవాళ్ళు ఒక్క సంతకు వచ్చి చూడాలి. కింద మైదానం నుంచి వచ్చిన ఒక వ్యాపారి రాజ్‌మా కొంటున్నాడు. మానికతో కొలిచి తీసుకుంటాడు. అమ్మడానికి వచ్చిన ముసలామె గింజలు పొయ్యలేదు. ముందు మానిక లాక్కుని బోర్లించింది. అడుగున వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. లోపల చెయ్యి పెట్టి అంచు తడిమింది. దాన్ని పక్కన పడేసి తన చీర మూటలోంచి తన మానిక తీసింది. వ్యాపారి ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్ని మోసాలు తింటే ఆ చేతికి ఆ అలవాటు వచ్చిందో నాకు తెలీదు కానీ, ముగ్గురు ఆడిటర్లకు శిక్షణ ఇవ్వగలదు ఆవిడ.

నేను కలిసొచ్చిన తొమ్మిదో రోజు మాస్టారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళ్ళాను. ఈసారి మామూలుగానే మాట్లాడాను. కంగారులో మరీ వేగంగా మాట్లాడానేమో కూడా. ఆయన కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, ప్రశ్నలు మొదలుపెట్టారు. నేను బ్యాంకు ఇంటర్వ్యూలో కూడా అంత చెమట పట్టలేదు.

"ఎన్నాళ్ళుంటారు?"

"రెండేళ్ళండి."

"అందరూ అదే చెప్తారు. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి సోమవారం పదకొండింటికి దిగే రకమా మీరు?"

అంతకు ముందున్న వాళ్ళ చరిత్ర విప్పారు. ఒకాయన మూడు నెలలకే ట్రాన్స్‌ఫర్ చేయించుకుని కరెంటు బిల్లు, చెదలు పట్టిన పరుపు వదిలిపోయాడు. ఇంకొకాయన రోజూ రాత్రి వరండాలో నిలబడి ఫోన్‌లో "ఇక్కడ మనుషులే లేరు, అంతా అడవి" అని గట్టిగా చెప్పేవాడట, గోడ అవతల వీళ్ళు అన్నం తింటుండగా. మూడో ఆయన దిగిన వారానికే "మాస్టారూ, మీరేవిట్లు?" అని కులం అడిగాడు. "మీ పక్క వాళ్ళు ఇల్లు చూడకముందే అడుగుతారట కదా. ఈయన నయం, వారం ఆగాడు" అన్నారు. నేను కిందికి చూశాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నా నోటి చివర కూడా ఉండింది.

అప్పుడు తెలిసింది, ఐదో ఇంటావిడ తలుపెందుకు వేసిందో. మేము వీళ్ళ గురించి ఎలా అనుకుంటామో, వీళ్ళ దగ్గర కూడా మా గురించి అలాంటి జాబితా ఒకటుంది. కింద నుంచి వచ్చేవాళ్ళు వడ్డీకిస్తారు, తూకంలో కొడతారు, ఎప్పుడూ కిందికే చూస్తుంటారు. పైగా "గుంటూరు వాళ్ళు కారం పొగతో గోడలు నల్లబెడతారు" అని కూడా అన్నారు మాస్టారు. అది మాత్రం అన్యాయం. నాకు వంటే రాదు.

అద్దె కుదిరింది. సంతోషంగా అగ్రిమెంటు నమూనా తీశాను. మా బ్యాంకులో ఓనరుకు నేరుగా అద్దె కట్టే పద్ధతి ఉంది, దానికి ఆయన సంతకంతో లీజు కాగితం కావాలి. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి వెనక్కిచ్చేశారు. "నేను సంతకం పెట్టను."

కారణం వన్ ఆఫ్ సెవెంటీ అనే భూమి చట్టం. ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా ఆ పేరు తెలుసు. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిగా సవరించారు. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి పోకూడదు, గిరిజనేతరుడు అమ్ముకున్నా గిరిజనుడికే అమ్మాలి. మాస్టారు ట్రంకుపెట్టెలోంచి జిరాక్సు కాగితాలు తీసి వేలు పెట్టి చూపించారు. ఆ నిబంధన లెక్కలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కానుక, లీజు కూడా. "నెలనెలా అద్దె తీసుకుని రసీదు ఇస్తాను. లీజు అని రాసిన కాగితం మీద మాత్రం నా చెయ్యి పడదు. గనుల లీజుల మీద సమత కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1997లో తీర్పొచ్చింది, చదువుకోండి" అన్నారు. పల్లెటూరి మనిషి చేత చట్టం చెప్పించుకోవడం ఆ రోజు నాకు మంట పుట్టించింది. తర్వాత గదికొచ్చి చదివితే, ఆ జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది.

ఈ సంగతి మా అడ్మిన్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను. అవతలి పెద్దమనిషి "లీజు కాగితం లేని ఇల్లేంటండీ? చెట్టు మీద ఉంటున్నారా?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. పదహారు రోజులు మెయిళ్ళు నడిచాయి. నిబంధన స్కాన్ చేసి పంపితే "తెలుగు ప్రతి చెల్లదు" అన్నారు. ఇంగ్లీషుది పంపితే "మా ఫార్మాట్‌లో లేదు" అన్నారు. ఏసీ గదిలో కూర్చుని ఏజెన్సీ చట్టం తెలియకుండా ఏజెన్సీ బ్రాంచిలను నడిపే ఆ మనుషుల మీద నాకున్న కోపం ఈ జన్మకు తగ్గదు. చివరికి లీజు సంగతి వదిలేసి, అద్దె రసీదుల మీద ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటున్నాను. నెలకు కొన్ని వేలు పోయినట్టే. మీకు ఇటు పోస్టింగ్ పడితే లీజు కోసం తల బాదుకోకండి, మొదటి రోజే హెచ్‌ఆర్‌ఏకి రాసేయండి.

ఇంకో సలహా, దోమతెర తెచ్చుకోండి. మా బంధువులు చెప్పిన వాటిలో మలేరియా సంగతి నిజం. సిగ్నల్ కోసం రెండు కంపెనీల సిమ్ములు ఉంచుకోండి, రెండూ పనిచేయని రోజులుంటాయి. శని, ఆదివారాల్లో పాడేరు వైపు ప్రయాణం పెట్టుకోకండి. వంజంగి కొండ మీద మేఘాలతో రీల్స్ తీసుకోవడానికి కార్లు బారులు తీరుతాయి. తెల్లవారుజామున మూడింటికి ఊళ్ళ మీదుగా పాటలు పెట్టుకుని వెళ్ళి, ప్లాస్టిక్ సీసాలు కొండ మీద వదిలి, రీల్ కింద "స్వచ్ఛమైన మనుషులు" అని రాసి పెడతారు. ఆ స్వచ్ఛమైన మనుషుల నిద్ర చెడగొట్టినందుకు ఒక్కడన్నా సారీ చెప్పాడా?

గ్యాస్ సంగతి ఒక్క ముక్కలో. తెనాలి గ్యాస్ ఏజెన్సీలో కనెక్షన్ ట్రాన్స్‌ఫర్ రాస్తున్న కుర్రాడు ఊరి పేరు చూసి "ఇది మన రాష్ట్రమేనా సార్?" అన్నాడట మా నాన్నతో. బండి ఇక్కడికి వారానికి ఒకసారి వస్తుంది. రెండు వారాలు నేను లేనప్పుడు వచ్చి వెళ్ళిపోయింది. నిన్న మాస్టారే ఆపి సిలిండరు దింపించారు.

రాత్రి పాలు పొంగించాను. మా అమ్మ వీడియో కాల్ చేసింది. సిగ్నల్ కూడా నిలబడింది. ఓనరుగారు పక్కనే ఉన్నారంటే చూపించమంది. ఫోన్ ఆయన వైపు తిప్పాను. అమ్మకు ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను.

"బాబూ... బాగున్నారా?" అంది అమ్మ, గొంతు పెంచి. "మా అబ్బాయి... కొత్త... జాగ్రత్తగా... చూసుకోండి."

మాస్టారు నా వైపు ఒకసారి చూశారు. ఫోన్ దగ్గరికి వంగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆడిస్తూ, "అలాగే... అమ్మా... అద్దె... నెల నెలా... ఇస్తే" అన్నారు.