జైలు నుంచి వచ్చినవాడితో ఎవరు కూర్చుంటారు?

పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసులో శిక్ష అయిపోయి రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి ఒకడు ఇంటికొస్తే, మా కోనసీమ ఊళ్లకు తెలిసినవి రెండే దారులు. పని ఇవ్వకుండా తరిమేయడం ఒకటి. పెద్దమనుషులు చేరి, "అయిందేదో అయిపోయింది, పెద్ద మనసు చేసుకోండి" అని ఆ పిల్ల అమ్మానాన్నల్ని బుజ్జగించడం రెండోది. నేను పారాలీగల్ వాలంటీర్ని, అంటే ఊళ్లలో జనానికి న్యాయసాయం అందేలా చూసేదాన్ని; రెండూ చూశాను. నాకు ఒళ్లు మండేది రెండోదానికే.

మొదటిదాంతో ఏమవుతుందో పోయినేడు చూశాను. పక్కూరికి వచ్చినతను కొబ్బరి ఒలుపులో దిట్ట. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి రెండు తిప్పుల్లో డొక్క ఊడదీస్తాడు. అతను కూర్చోగానే కాయలు ఏరే ఆడవాళ్లు తట్టలెత్తుకుని అవతలికి పోయారు. వాళ్లను తప్పుపట్టను. మధ్యాహ్నానికి షావుకారు సగం కూలి చేతిలో పెట్టి ఇక రావద్దన్నాడు. ఆ తర్వాత అతను ఏటిగట్టు మీద తాగి కూర్చునేవాడు. బడి వదిలే వేళ ఎటు వెళ్తున్నాడో చూసేవాళ్లే లేరు. 2018లో కేంద్రం పెట్టిన లైంగిక నేరస్తుల డేటాబేస్ పోలీసులు చూసుకోడానికి. అది వచ్చి ఇతని పక్కన కూర్చోదు కదా!

కెనడాలో కూర్చుంటున్నారు. 1994లో హామిల్టన్ ఊరికి ఇలాంటివాడే విడుదలై వస్తే జనం హడలిపోయారు. మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక పాస్టరు తన చర్చివాళ్లను కొందరిని కూడగట్టి అతనికి తోడుగా, కాపలాగా పెట్టాడు. అలా మొదలైన పద్ధతిలో ఇప్పుడు శిక్షణ పొందిన నలుగురైదుగురు వాలంటీర్లు విడుదలై వచ్చినవాణ్ణి తరచూ కలుస్తారు. గది, పని వెతకడంలో సాయపడతారు. తాగుతున్నావా, ఎవరితో తిరుగుతున్నావని మొహమాటం లేకుండా అడుగుతారు. తేడా కనిపిస్తే అధికారులకు చెప్పేస్తారు. అమెరికాలోని మిన్నెసోటాలో అలా విడుదలైన 100 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఇలా తోడు పెట్టి చూశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, తోడున్న గుంపులో మళ్లీ లైంగిక నేరం కింద అరెస్టయ్యే ప్రమాదం 88 శాతం తగ్గింది. పెట్టిన డాలరుకు 3.73 డాలర్ల లాభమట. వంద మందితో తేల్చిన లెక్కే అయినా తీసిపారేసేది కాదు.

"నీకూ ఆడపిల్ల ఉందిగా, వాడితో నీకేం పని?" అని మా అత్తగారు అనే మాట ఆ డాలర్ల లెక్కలోకి రాదు, అది వేరే సంగతి.

నా అసలు టెన్షన్ చుట్టరికాలతో. అక్కడ తోడుండేది ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఇక్కడ నలుగురిని రమ్మంటే వచ్చేది అతని మేనమామ, బావ, కులపోళ్లు. రెండో వారానికే ఆ పిల్ల ఇంటి అరుగు మీద రాజీకి కూర్చుంటారు. అందుకే వాలంటీర్లు వేరే మండలం వాళ్లయి ఉండాలి. అతనూ ఆ ఊళ్లో ఉండకూడదు. ఏం చేయబోతున్నామో ముందు ఆ పిల్ల ఇంట్లో చెప్పాలి.

ఇవన్నీ కుదిరితే అమలాపురంలో అతనికో గది నేనే చూస్తాను, వారానికో సాయంత్రం వెళ్లి కూర్చుంటాను. ఆ పిల్ల వాళ్లమ్మ వద్దంటే మాత్రం వెళ్లను.