నిమ్మరసం, పల్లి నూనె ఉంటే చాలు

బతుకమ్మ పండుగ అయిపోయి చలి మొదలయ్యే రోజుల్లో కీర, క్యారెట్, దానిమ్మ గింజల సలాడ్‌కు కొన్న డ్రెస్సింగ్ ఎందుకు? నకిరేకల్ నిమ్మకాయలు, గానుగ పల్లి నూనె చాలు.

2 చెంచాల నిమ్మరసంలో పావు చెంచా ఉప్పు ముందే కరగాలె, నూనెలో అది కరగదు. అర చెంచా ఆవపిండి, అర చెంచా తేనె వేసి, 6 చెంచాల నూనె సన్నధారగా పోస్తూ గిలకొట్టాలె. రసాన్ని, నూనెను విడిపోకుండా పట్టి ఉంచేది ఆవపిండే, కానీ ఎక్కువైతే చేదు. నిమ్మ తొక్క నలిగేదాకా పిండినా అంతే. నూనె ఒక్కసారే గుమ్మరిస్తే పైకి తేలుతది. సీసాలో పోసి మూతపెట్టి గట్టిగ ఊపితే మళ్ల కలుస్తది.

ముక్కలు తడిగా ఉంటే డ్రెస్సింగ్ అంటుకోదు, గిన్నె అడుగుకు జారుతది. తినేముందే కలపాలె, లేకుంటే ఉప్పుకు కీర నీళ్లూరుతది. పచ్చి ఎల్లిగడ్డ వేస్తే మాత్రం నిల్వ పెట్టొద్దు, ఆ పూటకే.