తనోట్ దాకా మా ప్రయాణం, బావ లేకుండా

అలిపిరి దగ్గర ఆధార్ చూపించి, బండి డిక్కీ తెరిచి చూపించి కొండెక్కే ఊరి వాళ్లం. కాగితాల సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. చివరికి మా ప్లాన్ దెబ్బతిన్నది అక్కడే.

అక్కా బావా అమెరికా నుంచి డిసెంబరులో వస్తున్నారు. ఈసారి ఊటీ, కొడైకెనాల్ వద్దు, థార్ ఎడారిలో కారు నడపాలని బావ కోరిక. రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి పాకిస్తాన్ సరిహద్దు దగ్గరున్న తనోట్ మాత గుడి సుమారు 120 కిలోమీటర్లు, అక్కడి నుంచి 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా మరో 40, రామ్‌గఢ్ మీదుగా వెనక్కి. రౌండు మొత్తం దగ్గర దగ్గర 270 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే తిరుపతి నుంచి చెన్నై పోయి వచ్చినంత. ఒక్క రోజు పని అనుకున్నాం.

అమ్మ ఒప్పుకోలేదు. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ జరిగినప్పుడు జైసల్మేర్‌లో రాత్రిళ్లు లైట్లు ఆర్పేసి బ్లాకౌట్ పెట్టింది, జోధ్‌పూర్ ఎయిర్‌పోర్టు మూసేసింది అన్నీ టీవీలో చూసింది. "గుడికి పోవాలంటే మన గుడి లేదా?" అంది. తనోట్‌లో పూజ చేసేది కూడా బీఎస్ఎఫ్ జవాన్లేనని, 1965 యుద్ధంలో గుడి ఆవరణలో పడిన గుండ్లు పేలలేదని అక్కడివాళ్లు చెబుతారని, వాటిని ఇప్పటికీ గుడిలో పెట్టి ఉంచారని చెప్పాక కాస్త మెత్తబడింది. చివరికి తనే నూటొక్క రూపాయి ముడుపు కట్టి ఇచ్చింది.

తమ్ముడు మన కారులోనే పోదామన్నాడు. రెండు వేల కిలోమీటర్లకు పైనే. పోను నాలుగు రోజులు, రాను నాలుగు రోజులు తీసేస్తే బావ సెలవులో మిగిలేది ఏమీ లేదు. రేణిగుంటలో ఫ్లైట్ ఎక్కి హైదరాబాద్‌లో మారి జోధ్‌పూర్ చేరడం, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోవడం అని తేల్చాం.

మా వీధి చివర బీఎస్ఎఫ్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు, అందరం మామ అంటాం. ఒకరోజు సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద కూర్చుంటే చెనిక్కాయలు ఒలుస్తూ మేం ప్లాన్ రాసుకున్న కాగితమంతా చదివి, పెన్ను తీసుకుని "టిఫిన్" అన్న మాట కొట్టేశాడు.

"దోవలో హోటల్ ఉంటాదనుకున్నావా అబ్బయ్యా? నీళ్లు మనిషికి ఐదు లీటర్లు. పెట్రోలు రామ్‌గఢ్‌లో నింపేయాల, ఇంకా సగముందిలే అని పోవద్దు. మ్యాపు హోటల్లో ఉండంగానే ఫోన్లోకి దించుకో, ఆ పక్క సిగ్నల్ ఉండదు. స్టెప్నీలో గాలి నువ్వే చూసుకో. డ్రోన్ ఉంటే ఇంట్లోనే పెట్టి పో."

డ్రోన్ సంగతి ఆయనకెలా తెలిసిందో గానీ, బావ బ్యాగులో నిజంగానే ఒకటి ఉంది.

ఆ తర్వాత మామ అడిగాడు, "అందరికీ ఆధార్ ఉందా?" అని. అక్కది గ్రీన్ కార్డే, పాస్‌పోర్టు ఇంకా మనదే, ఆధార్ కూడా ఉంది. బావ అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, చేతిలో ఓసీఐ కార్డు ఉంది. మామ తల అడ్డంగా ఊపాడు. మన వాళ్లు తనోట్ గుడికి నేరుగా పోవచ్చు. గుడి దాటి సరిహద్దు గేటున్న పోస్టు దాకా పోవాలంటే ముందుగా పాస్ తీసుకోవాలి, అదీ భారతీయులకే. విదేశీయులకైతే ఆ సరిహద్దు ప్రాంతానికి పోవడానికే విడిగా అనుమతి కావాలి. ఓసీఐ అంటే వీసా బాధ లేకపోవడమే తప్ప పౌరసత్వం కాదు, ఇలాంటి రక్షిత ప్రాంతాల దగ్గర విదేశీయుల లెక్కే.

ఫోన్లో చెబితే బావ నమ్మలేదు. "నేను పుట్టింది చిత్తూరు గవర్నమెంట్ ఆస్పత్రిలో!" అని అరిచాడు. పుట్టింది ఎక్కడన్నది ఆ ఫారంలో రెండో వరుస బావా, మొదటి వరుస పౌరసత్వం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, రెండు రోజులు మాట్లాడలేదు. అనుమతికి అప్లై చేశాం గానీ ఆలస్యంగా, ప్రయాణానికి పది రోజుల ముందు. జైసల్మేర్ చేరేదాకా జవాబు రాలేదు. తప్పు మాదే, టికెట్లు కొన్నాక కాగితాలు చూసుకున్నాం.

అలా ఆ రోజు తెల్లవారుజామున బావను హోటల్లో వదిలి అక్క, తమ్ముడు, నేను బయల్దేరాం. బయట ఎంత చలంటే స్టీరింగ్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. స్టెప్నీ నొక్కి చూస్తే మామ అన్నట్టే మెత్తగా ఉంది. కారిచ్చిన వాళ్లు అన్నీ చెక్ చేశామని కాగితం మీద టిక్ పెట్టి మరీ ఇచ్చారు. పంక్చర్ షాపు తెరిచేదాకా గంట పోయింది.

రామ్‌గఢ్ దాటాక రోడ్డు నల్లగా, నున్నగా, మన కడప రోడ్డు కంటే బాగుంది. అదే మాకు చేటు చేసింది. ఫొటో కోసం తమ్ముడు కారును పక్కకు దించాడు. రెండు గజాలే. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, కారు కదలదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పిండిలో రోకలి దిగినట్టు దిగిపోతోంది. దిగి చేతులతో ఇసుక తోడితే తోడినంతా మళ్లీ జారి వచ్చి నిండుతోంది, గోధుమ రవ్వలా సన్నగా, పొద్దున చలికి చల్లగా. టైర్లలో కొంచెం గాలి తీసేసి, కాళ్ల కింది మ్యాట్లు లాగి చక్రాల ముందు దూర్చాం. అక్క డ్రైవింగ్ సీట్లో కూర్చుంది, మేమిద్దరం వెనక నుంచి తోశాం. మూడోసారికి రోడ్డెక్కింది. అంతసేపట్లో రోడ్డు మీద పోయినవి రెండు మిలటరీ లారీలు, ఒక గొర్రెల మంద. ఆ తర్వాత తారు దిగితే ఒట్టు.

గుడి చిన్నది. యూనిఫాంలో ఉన్న జవాను బొట్టు పెట్టాడు. కమ్మీల నిండా రుమాళ్లే, వేలల్లో. కోరిక కోరుకుని రుమాలు కడతారట, తీరాక వచ్చి విప్పుకుంటారట. అమ్మ ముడుపు హుండీలో వేసి, మా పేర్లతో తీసుకున్న పాసులతో గేటు దాకా కూడా పోయి వచ్చాం. అక్కడ చెప్పడానికి పెద్దగా ఏం లేదు, కంచె, అవతల కూడా ఇదే ఇసుక.

లోంగేవాలాలో మాత్రం ఎక్కువసేపు నిలబడిపోయాను. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి, ఆయన వెంట 120 మంది దాకా సైనికులు, ఎదురుగా పాకిస్తాన్ ట్యాంకుల వరుస. తెల్లారి జైసల్మేర్ నుంచి మన వైమానిక దళం హంటర్ విమానాలు వచ్చేదాకా ఆ దిబ్బను వదల్లేదు. దిబ్బ అంటే మన ఊరి చెరువుకట్టంత కూడా లేదు. దాక్కోవడానికి ఒక చెట్టు లేదు. కింద పట్టుబడిన ట్యాంకు పక్కన పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు.

చీకటి పడ్డాక జైసల్మేర్ చేరాం. బావ హోటల్ మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"నా రుమాలు కట్టావా?" అని అక్కను అడిగాడు. పొద్దున ఇచ్చి పంపాడని నాకప్పటిదాకా తెలియదు.

"కట్టాను. తీరాక వచ్చి విప్పాలంట."

"రుమాలు నాది, నేనే విప్పాలి కదా" అని నా వైపు తిరిగాడు. "ఆ ఫారం పంపురా. ఈసారి ఆరు నెలల ముందే పెడతా."